పాత తూటా, కొత్త ఛాంబర్: 'ఇంప్రూవ్డ్' రైఫిల్‌లో 0.1 మిల్లీమీటర్ కథ

ఈ రోజు ఎపిసోడ్ కాస్త తేడాగా ఉంటుంది. స్క్రీన్ మీద ఫోటో చూడండి. ఇత్తడి గొట్టం, రెండు ముక్కలు. ఎవరో రంపంతో కోసినట్టు నీట్‌గా ఉంది కదా? కోయలేదు. తుపాకి లోపలే తెగింది. అది తెగినప్పుడు ఆ తుపాకి మా అన్నయ్య చెంప పక్కనే ఉంది. నేను అతని వెనకాల నాలుగు అడుగుల దూరంలో నిలబడి ఉన్నాను.

అన్నయ్య అంటే మా పెద్దమ్మ కొడుకు. డెన్వర్‌లో ఉంటాడు, అక్కడ సిటిజన్. నేను జాబ్‌లో ఉన్నప్పుడు ఆన్‌సైట్ వెళ్ళి, ఒక వీకెండ్ అతనితో వయోమింగ్‌లో ఒక పశువుల ర్యాంచ్‌కి వెళ్ళాను. అక్కడ ప్రెయిరీ డాగ్స్ అని ఉంటాయి. పేరులో డాగ్ ఉంది గానీ, అవి ఉడుత జాతి. నేలంతా బొరియలు చేసేస్తాయి, గడ్డి తినేస్తాయి. ఇలాంటి వాటిని అక్కడ 'వార్మింట్' అంటారు, అంటే మన భాషలో పంటకి, మేతకి చేటు చేసే జంతువులు. జంతువేమో జానెడు, దూరమేమో 200, 300 గజాలు. అందుకే చిన్న బుల్లెట్, విపరీతమైన వేగం ఉండే రైఫిల్స్ వాడతారు. .22-250 అనే తూటా తీసుకోండి. 55 గ్రెయిన్ల బుల్లెట్, అంటే మూడున్నర గ్రాములు, సెకనుకి సుమారు 3,680 అడుగుల వేగంతో వెళ్తుంది. ధ్వని వేగానికి మూడు రెట్లకి పైమాట.

ఇప్పుడు ఈ 'ఇంప్రూవ్డ్' ఏంటి? తూటా ఆకారం గుర్తు తెచ్చుకోండి. కింద లావు, పైకి పోయే కొద్దీ కొంచెం సన్నం, తర్వాత భుజం, ఆపైన మెడ. సీసాలాగా అన్నమాట. .22-250 భుజం వాలు 28 డిగ్రీలు. పి.ఓ. ఆక్లీ అనే అమెరికన్ గన్‌స్మిత్ ఏం చేశాడంటే, పక్కల వాలు దాదాపు తీసేసి, భుజాన్ని నిటారుగా, చాలా వాటికి 40 డిగ్రీలకి మార్చాడు. అదే గొట్టంలో ఇంకాస్త మందు పడుతుంది. అతనికంటే ముందు కూడా చేసినవాళ్ళున్నారు. లైల్ కిల్‌బోర్న్ 1940 ప్రాంతంలో .22 హార్నెట్‌ని ఇలాగే మార్చి కె-హార్నెట్ చేశాడు. కానీ పేరు మాత్రం ఆక్లీదే నిలిచిపోయింది.

అసలు .22-250 కూడా పుట్టుకతో కంపెనీ తూటా కాదు. 1930లలో ఔత్సాహికులు .250 సావేజ్ గొట్టం మెడ నొక్కి చేసుకున్నది. ఇలాంటివాటిని 'వైల్డ్‌క్యాట్' అంటారు. రెమింగ్టన్ దాన్ని 1965లో గానీ సొంతం చేసుకోలేదు. ఎవరో గ్యారేజ్‌లో రాసిన కోడ్‌ని ముప్పై ఏళ్ళ తర్వాత పెద్ద కంపెనీ ప్రొడక్ట్‌లో పెట్టుకున్నట్టు. ఆక్లీ 1989లో చనిపోయాడు. అతని .280 ఇంప్రూవ్డ్‌కి అధికారిక స్టాండర్డ్ వచ్చింది 2007లో!

నాకు వెంటనే నచ్చిన పాయింట్ ఏంటంటే, ఇది బ్యాక్‌వర్డ్ కంపాటిబుల్. కొత్త తూటా కొనాల్సిన పనిలేదు. షాపులో దొరికే మామూలు .22-250 తూటానే ఇంప్రూవ్డ్ ఛాంబర్‌లో పెట్టి కాలుస్తారు. లోపలి ఒత్తిడికి ఇత్తడి సాగి, కొత్త ఛాంబర్ ఆకారంలోకి వచ్చేస్తుంది. దీన్ని 'ఫైర్ ఫార్మింగ్' అంటారు. ఆ ఖాళీ గొట్టాన్ని మళ్ళీ నింపుకుంటే ఇంప్రూవ్డ్ తూటా రెడీ. రివర్స్ మాత్రం కుదరదు. ఇంప్రూవ్డ్ తూటా మామూలు రైఫిల్‌లో పట్టదు.

వినడానికి ఎంత సింపుల్‌గా ఉందో చూడండి. ఛాంబర్‌ని కాస్త వెడల్పు చేస్తే చాలు కదా, రీమర్ పెట్టి తిప్పితే అయిపోతుంది కదా అనిపిస్తుంది. అన్నయ్య సెకండ్ హ్యాండ్‌లో కొన్న రైఫిల్‌కి ఎవరో సరిగ్గా అదే చేశారు.

ఇక్కడ కొంచెం ఓపిగ్గా వినండి. తూటా ఛాంబర్‌లో ముందుకి జారిపోకుండా ఏదో ఒకటి ఆపాలి. .22-250కి అంచు ముందుకి పొడుచుకుని ఉండదు, కాబట్టి దాన్ని ఆపేది భుజమే. ఇంప్రూవ్డ్ ఛాంబర్‌లో భుజం ఆకారం మారిపోయింది, మామూలు తూటా భుజం దానికి ఆనదు. ఆనేది ఒక్కచోటే, భుజం మెడని కలిసే ఆ సన్నటి రింగు దగ్గర. అందుకే అక్కడ ఛాంబర్‌ని మామూలు కంటే 0.004 అంగుళం పొట్టిగా చేయాలి. అంటే 0.1 మిల్లీమీటర్, మన జిరాక్స్ పేపర్ మందం. అప్పుడు బోల్ట్ మూసేటప్పుడు తూటా కాస్త బిగుతుగా నొక్కుకుని కదలకుండా కూర్చుంటుంది.

మరి ఉన్న కన్నాన్ని పొట్టిగా ఎలా చేస్తాం? రీమర్ లోహాన్ని తీసేయగలదు, పెట్టలేదు. కాబట్టి బ్యారెల్ విప్పి, లేత్ మీద వెనక భాగాన్ని సాధారణంగా ఒక మర అంత తీసి, బ్యారెల్‌ని వెనక్కి జరిపి, అప్పుడు కొత్త ఛాంబర్ కొడతారు. రెమింగ్టన్ 700 లాంటి దానికి అంగుళానికి 16 మరలు, అంటే ఒక మర ఒకటిన్నర మిల్లీమీటర్‌కి కొంచెం పైన. .22 హార్నెట్‌కి ఈ గొడవ లేదు. దానికి అడుగున అంచు ఉంటుంది, తూటాని అదే ఆపుతుంది. బహుశా హార్నెట్‌కి జరిగింది చూసి అన్నిటికీ అంతేలే అనుకున్నారేమో.

బ్యారెల్ జరపకపోతే ఏమవుతుంది? ఫైరింగ్ పిన్ కొట్టగానే తూటా ముందుకి జారుతుంది. మందు అంటుకుని, ముందు భాగం ఛాంబర్ గోడలకి అతుక్కుపోతుంది. అడుగు భాగం మాత్రం వెనక బోల్ట్‌కి ఆనేదాకా తోసుకుపోతుంది. మధ్యలో ఇత్తడి సాగుతుంది. బయటికి చూస్తే గొట్టం బంగారంలా బావుంటుంది, కానీ లోపల అడుగుకి కాస్త పైన చుట్టూ పల్చబడి ఉంటుంది. అన్నయ్య వాటిని మూడోసారి నింపి కాల్చినప్పుడు తెగింది.

శబ్దం మామూలుగానే వచ్చింది. కానీ బోల్ట్ పక్కనుంచి 'స్స్' మని పొగ. అన్నయ్య తల వెనక్కి తీశాడు. సేఫ్టీ గ్లాసెస్ మీద నల్లటి మచ్చలు. బోల్ట్ లాగితే సగం గొట్టమే వచ్చింది, మిగతా సగం ఛాంబర్‌లోనే. కాసేపు ఇద్దరం మాట్లాడలేదు. తర్వాత వాడు అన్న మొదటి మాట, "మీ వదినకి చెప్పకురా." (చెప్పేశాను. సారీ అన్నయ్యా.)

గన్‌స్మిత్ దగ్గరికి తీసుకెళ్తే ఆయన మామూలు .22-250 'గో' గేజ్ తీసి పెట్టాడు. మామూలు రైఫిల్‌లో బోల్ట్ దాని మీద మూసుకోవాలి. సరిగ్గా చేసిన ఇంప్రూవ్డ్‌లో మూసుకోకూడదు. ఇందులో వెన్నలా మూసుకుంది. ఆయన తల ఊపి రైఫిల్ పక్కన పెట్టేశాడు. తర్వాత పేపర్ క్లిప్ విప్పి, చివర కొంచెం వంచి, మిగతా ఖాళీ గొట్టాల లోపల గీకి చూపించాడు. అడుగు దగ్గర గాడిలో క్లిప్ టక్కున ఆగుతోంది. ఒకటి కాదు, దాదాపు అన్నిటిలో. అన్నీ పారేశాడు.

"ఇంతా చేస్తే లాభమెంత?" అని మీరు అడుగుతారు, నేనూ అడిగాను. గొట్టంలో చోటు ఎంత శాతం పెరిగితే వేగం అందులో పావు వంతు పెరుగుతుందని వాళ్ళ లెక్క. చోటు 8 శాతం పెరిగితే వేగం 2 శాతం. 3,680 మీద 74 అడుగులు. ప్రెయిరీ డాగ్‌కి ఆ తేడా తెలియదు బాస్. .223 లాంటి వాటిలో పక్కల వాలు ముందే తక్కువ, లాభం ఇంకా తక్కువ. బాగా వాలున్న .250 సావేజ్ లాంటి పాత తూటాల్లోనే మార్పు బాగా కనిపిస్తుంది. అసలు లాభం వేరే ఉంది. వాలు తక్కువ, భుజం నిటారు కాబట్టి, పని సరిగ్గా చేస్తే ఇత్తడి మెడ వైపు తక్కువ సాగుతుంది, మాటిమాటికీ కత్తిరించక్కర్లేదు, గొట్టాలు ఎక్కువసార్లు పనికొస్తాయి. మన అన్నయ్య రైఫిల్‌లో ఆ ఒక్క లాభమే తలకిందులైంది.

ఒక మాట, ఇది చూసి మన ఊళ్ళో ఎవరూ ట్రై చేయకండి. ఇక్కడ ఆర్మ్స్ యాక్ట్, 1959 ప్రకారం తుపాకిని మార్చడానికి, రిపేర్ చేయడానికి కూడా లైసెన్స్ కావాలి.

అన్నయ్య చివరికి బ్యారెల్ ఒక మర వెనక్కి జరిపించి, కొత్తగా ఛాంబర్ కొట్టించాడు. పోయిన నెల వీడియో కాల్‌లో కొత్త గొట్టాలు చూపించాడు, ఐదోసారి నింపాడట. నేను "పేపర్ క్లిప్ పెట్టి చూశావా?" అన్నాను. నవ్వి, టేబుల్ మీద నుంచి క్లిప్ తీసి చూపించాడు. సరే, ఉంటాను, వచ్చే వారం కలుద్దాం.