బిడ్డను వెల్లకిలా పడుకోబెడదాం

(కర్నూలు జిల్లాలోని ఒక పల్లెలో, రాత్రి చదువు అయినాక ఒక వాలంటీరు టీచరు చెప్పిన మాటలు)



పుస్తకాలు మూసి పక్కన పెట్టండి. పలకలు మాత్రం దగ్గర ఉంచుకోండి. ఈ రాత్రి ఒక సంగతి మాట్లాడుకుందాం. మీలో ఇద్దరి ఒళ్లో పసిబిడ్డలున్నారు. ఇంకొక అక్కకు వచ్చే నెల కాన్పు. అవ్వలు కూడా వచ్చినారు. ఈ మాట వాళ్లు తప్పకుండా వినాలి.

పసిబిడ్డను ఎట్లా పడుకోబెట్టాలి? ఇదే ఆ సంగతి.

"బిడ్డను పండబెట్టేది కూడా నువ్వు నేర్పించాల్నా తల్లీ?" అని అవ్వ నవ్వుతోంది. నవ్వు అవ్వా. నాకు పెళ్లి కాలేదు, బిడ్డల్లేరు. టీచరు ట్రైనింగులో పిల్లలకు అక్షరాలు నేర్పడం చెప్పినారు గానీ, ఇది చెప్పలేదు. మా అక్క బిడ్డ వల్ల నేర్చుకున్నాను.

మా అక్క కాన్పుకు పుట్టింటికి వచ్చింది. మగబిడ్డ పుట్టినాడు. రెండో నెలలో రాత్రిళ్లు ఒకటే ఏడుపు. "బోర్లా పండబెట్టు మే, గమ్మున నిద్రపోతాడు" అని మా జేజి చెప్పింది. నిజంగానే నిద్రపోయినాడు. ఎన్నో రాత్రుల తర్వాత అక్కకు కూడా కన్ను మూతపడింది.

తెల్లవారుజామున నేను నీళ్లకని లేచినాను. చూస్తే బిడ్డ ముఖం బొంతలో కూరుకుపోయి ఉంది. గబుక్కున ఎత్తినాను. పెదాలు నల్లబడినాయి. కాసేపు చప్పుడే లేదు. వీపు రుద్దినాను, అరికాళ్లు రుద్దినాను. అప్పుడు కెవ్వుమన్నాడు. ఆ ఏడుపు వింటే నాకు ప్రాణం లేచి వచ్చింది.

వెంటనే ఆస్పత్రికి ఎత్తుకుపోయినాం. డాక్టరమ్మ చూసి బిడ్డ బాగున్నాడని చెప్పింది. మా అక్కను తిట్టలేదు. మూడు మాటలు చెప్పింది. బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టాలి. పడక చదునుగా, గట్టిగా ఉండాలి. ముఖం దగ్గర ఏమీ ఉండకూడదు. రాత్రి నిద్రకైనా, పగటి కునుకుకైనా ఇదే పద్ధతి. ఏడాది నిండేదాకా ఇంతే.

బోర్లా ఎందుకు వద్దు?

చిన్నబిడ్డ మెడకు బలం ఉండదు. ముక్కు మూసుకుపోతే తల తిప్పుకోలేడు. తాను వదిలిన చెడ్డగాలినే మళ్లీ పీలుస్తాడు. మనకైతే ఊపిరి ఆడకపోతే ఉలిక్కిపడి మెలకువ వస్తుంది. కొందరు పసిబిడ్డలకు ఆ మెలకువ రాదు. బోర్లా పడుకుంటే గట్టిగా నిద్రపోతాడు అంటాం కదా. ఆ గట్టి నిద్రలోనే అపాయం ఉంది. ఒక్క చప్పుడు లేకుండా ప్రాణం పోతుంది. పక్కకు తిప్పి పడుకోబెట్టినా బిడ్డ దొర్లి బోర్లా పడతాడు. ఒకటో నెల నుంచి నాలుగో నెల దాకా ఈ భయం ఎక్కువ. ఆరు నెలలు దాటితే బాగా తగ్గుతుంది.

మా జేజి ఊరుకోలేదు. "ఆరుగురిని బోర్లానే పెంచినాను. ఎవరికేమైంది?" అని అడిగింది. జేజి చెప్పింది నిజమే. చాలామంది బిడ్డలకు ఏమీ కాదు. కానీ గోడలేని బావి పక్కన ఆడే పిల్లలందరూ బావిలో పడతారా? పడరు. అట్లని గోడ వద్దంటామా?

తప్పు జేజిది కూడా కాదు. ఒకప్పుడు అమెరికా, ఇంగ్లండు డాక్టర్లే బోర్లా పడుకోబెట్టమని చెప్పినారు. తర్వాత 1980ల చివర న్యూజిలాండులో లెక్కలు తీసి చూసినారు. నిద్రలో చనిపోయిన బిడ్డల్లో బోర్లా పడుకున్నవాళ్లే ఎక్కువని తేలింది. 1991లో ఇంగ్లండులో, 1994లో అమెరికాలో "వెల్లకిలా పడుకోబెట్టండి" అని పెద్ద ప్రచారం చేసినారు. పదేండ్లు తిరిగేసరికి ఆ రెండు దేశాల్లో అట్లా చనిపోయే బిడ్డలు దాదాపు సగమో, అంతకంటే ఎక్కువో తగ్గినారు. సూది లేదు, మందు లేదు, రూపాయి ఖర్చు లేదు. డాక్టర్లే తమ మాట మార్చుకున్నారు. మనం మార్చుకుంటే తప్పేముంది?

"వెల్లకిలా ఉంటే కక్కిన పాలు గొంతుకు అడ్డం పడవా?" అని మా అక్క అడిగింది. మీకూ ఈ భయం ఉంటుంది. మీ గొంతు ముట్టుకుని చూడండి. ముందువైపు గట్టిగా తగిలేది గాలి గొట్టం. దాని వెనక ఉండేది తిండి గొట్టం. బిడ్డ వెల్లకిలా ఉంటే గాలి గొట్టం పైన, తిండి గొట్టం కింద ఉంటాయి. నీళ్లు పల్లమెరుగు అంటాం. పాలు కూడా అంతే. పల్లంలో ఉన్న తిండి గొట్టంలోకే పోతాయి. బోర్లా ఉంటే గాలి గొట్టమే పల్లంలోకి వస్తుంది. పాలు తాగినాక బిడ్డను భుజాన వేసుకుని, తేన్పు వచ్చేదాకా వీపు నిమరండి. తర్వాత పడుకోబెట్టండి.

ఇక పడక సంగతి.

నులక మంచం నడుమ గుంట పడుతుంది. బిడ్డ ఆ గుంటలోకి జారి ముఖం అదుముకుపోతుంది. మన ఇండ్లలో బేతంచెర్ల బండలో, కడప బండలో పరిచి ఉంటాయి. చదునుకు ఆ నేల మంచిదే. చాప వేసి, బొంతను ముడతలు లేకుండా మడిచి పరవండి. తేళ్ల భయం ఉంటే చెక్క మంచం మేలు. మంచానికీ గోడకూ మధ్య సందు ఉండకూడదు.

తల గుండ్రంగా రావాలని ఆవాల దిండు పెడతాం. వద్దు. ఏ దిండూ వద్దు. ఒక పూట తల కుడికి, ఒక పూట ఎడమకు తిప్పండి. బిడ్డ మేలుకుని ఉన్నప్పుడు, మీ కళ్ల ముందర, కాసేపు బోర్లా ఆడించండి. మెడకు బలం వస్తుంది.

చీర ఉయ్యాలలో ఊపండి, జోల పాడండి. నిద్రపోయినాక తీసి చదునైన చోట పడుకోబెట్టండి. ఉయ్యాలలో బిడ్డ వంగిపోతాడు. గడ్డం రొమ్ముకు ఆనుకుని ఊపిరి సరిగా ఆడదు. సుగ్గికి గుంటూరు వైపు మిరప కోతకు పోయేవాళ్లకు ఇది కష్టమే. చెట్టుకు చీర కట్టి, పెద్దపిల్లను కాపలా పెడతాం. వీలైతే నీడలో చాప మీద పడుకోబెట్టండి. నలుగురు కూలికి పోతే ఒక పెద్దామె వంతుగా బిడ్డల దగ్గర ఉండండి. ఆ పెద్దపిల్ల ఉండాల్సింది బడిలో. ఆ మాట ఇంకొక రోజు చెబుతాను.

మన ఎండలు 40 డిగ్రీలు దాటుతాయి. అప్పుడు కూడా బిడ్డకు కుల్లాయి పెట్టి, దుప్పట్లు చుడతాం. వేడెక్కితే కూడా అపాయమే. పలచని నూలు చొక్కా చాలు. మెడ వెనక చెయ్యి పెట్టి చూడండి. చెమట ఉంటే ఒక గుడ్డ తీసేయండి. ముఖం మీద కొంగు కప్పొద్దు. బరువు తక్కువగా పుట్టిన బిడ్డకు మాత్రం డాక్టరు చెప్పినట్టు వెచ్చదనం ఇవ్వండి.

బిడ్డ ఉన్న గదిలో బీడీ తాగనివ్వద్దు. పొయ్యి పొగ, సాంబ్రాణి పొగ కూడా దూరంగా ఉండాలి. తల్లిపాలు ఇవ్వండి, అవి బిడ్డకు రక్ష. మీ చేతికి అందే దూరంలో, వేరే పక్క మీద బిడ్డను పడుకోబెట్టండి. తాగినవాళ్ల పక్కన, బీడీ తాగేవాళ్ల పక్కన బిడ్డను ఎప్పుడూ పడుకోబెట్టొద్దు.

బిడ్డ తనంతట తాను బోర్లా పడిన రోజు ఓళిగలు చేసి పంచుకుంటాం. ఆ రోజు నుంచి చేతులు కదలకుండా గుడ్డలో చుట్టొద్దు. అప్పుడు కూడా మీరు వెల్లకిలానే పడుకోబెట్టండి. అటూ ఇటూ తానే దొర్లడం వచ్చినాక, నిద్రలో తిరిగితే తిరగనివ్వండి.

ఇంకొక మాట. అన్నీ సరిగా చేసినా ఒక్కోసారి బిడ్డ దక్కకపోవచ్చు. అప్పుడు ఆ తల్లిని "నువ్వే చంపుకున్నావు" అనొద్దు. ఆ మాట ఆమె బతికినన్నాళ్లూ పొడుస్తుంది.

కాన్పు అయినాక 42 రోజుల దాకా ఆశా కార్యకర్త ఇంటికి వచ్చి బిడ్డను చూస్తుంది. మీ అనుమానాలు ఆమెను అడగండి. బిడ్డ ఊపిరి ఆడకపోయినా, పెదాలు నల్లబడినా వెంటనే 108కి ఫోన్ చేయండి.

మా జేజి ఇప్పుడు వీధిలో ఏ ఇంటికి పోయినా ముందు బిడ్డ పక్క చూస్తుంది. బోర్లా ఉంటే తానే తిప్పి వస్తుంది.

ఇప్పుడు పలకలు తీయండి. నాతోపాటు రాయండి.

బిడ్డ వెల్లకిలా.
పడక చదునుగా.
ముఖం దగ్గర ఏమీ వద్దు.

రాసినారా? చెరపొద్దు. ఇంటికి తీసుకుపోయి మీ అత్తకు, మీ ఆయనకు చదివి వినిపించండి. ఈ మూడు మాటలు మీరే రాసినారు. మీరే చదవగలరు.