గేటు ఎలా ఉందో అలాగే ఉంచి వెళ్లండి
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



సంఘం కార్యదర్శి గారు ఫోన్ చేసి, "డాక్టరు గారూ, మీరు ఆరోగ్యం గురించి ఓ పావుగంట మాట్లాడాలి" అన్నారు. షుగరు గురించీ బీపీ గురించీ మీరు వినని మాట నా దగ్గర ఏదీ లేదు. అందుకని ఆయన అనుమతి తీసుకుని సైకిలు గురించి మాట్లాడతాను. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, సైకిలు వెళ్లే దారి గురించి.

మాది 1986 పదో తరగతి బ్యాచి. అప్పట్లో మన బడికి సైకిలు మీద వచ్చే ఆడపిల్లలం నలుగురమే. మగపిల్లల సైకిలుకి అడ్డంగా కడ్డీ ఉండేది కాబట్టి, దాని కింద నుంచి కాలు దూర్చి తొక్కడం నేర్చుకున్నవాళ్లం. ఇప్పుడు ఇరవై ఏళ్లుగా స్కాట్లండ్‌కి దక్షిణాన డంఫ్రీస్ అనే ఊళ్లో ఉంటున్నాను. ఆ ప్రాంతానికీ సైకిలుకీ పాత చుట్టరికం. దగ్గర్లోనే కీర్ అనే పల్లె ఉంది. ఆ పల్లె కమ్మరి కిర్క్‌పాట్రిక్ మాక్‌మిలన్, 1839 ప్రాంతంలో, కాళ్లతో ఆడిస్తే వెనక చక్రం తిరిగే రెండు చక్రాల బండి చేశాడని అక్కడివాళ్లు గట్టిగా చెబుతారు. చరిత్రకారుల్లో కొందరు ఒప్పుకోరు. మన ఊరి కమ్మరి చేశాడంటే మనం మాత్రం ఊరుకుంటామా, వాళ్లూ అంతే.

డంఫ్రీస్‌కి పడమట గాలోవే అటవీ ఉద్యానం ఉంది. 1947లో ఏర్పడింది. దాదాపు 300 చదరపు మైళ్లు. బ్రిటన్‌లోని అటవీ ఉద్యానాల్లో అదే పెద్దది. ఊళ్లు ఎంత తక్కువంటే, రాత్రి దీపాల వెలుగు లేని ఆకాశం కోసమని 2009లో బ్రిటన్‌లోకెల్లా మొదటి "చీకటి ఆకాశ ఉద్యానం"గా దానికి గుర్తింపు వచ్చింది. పాలపుంతను అక్కడ కళ్లతోనే చూడొచ్చు. మన చిన్నప్పుడు డాబా మీద పడుకుని చూసినట్టే.

ఆ నేల మూడు రకాలుగా ఉంటుంది. ఒకటి చెరువులు, వాళ్ల భాషలో లాక్ అంటారు. కొన్ని మంచుగడ్డలు తొలిచినవి, కొన్ని మనుషులు కట్టినవి. క్లాటరింగ్‌షాస్ అనే పెద్ద చెరువు 1930లలో జలవిద్యుత్తు కోసం ఆనకట్ట వేస్తే ఏర్పడింది. రెండోది అడవి. మొదటి ప్రపంచ యుద్ధంలో కలప కొరత చూశాక 1919లో ప్రభుత్వం అటవీ సంస్థను పెట్టి బోడికొండల మీద చెట్లు నాటించింది. ఎక్కువగా సిట్కా స్ప్రూస్, అమెరికా పడమటి తీరం నుంచి తెచ్చిన జాతి. వరుసలు తీర్చి నాటిన చీకటి అడవి అది. నరుకుతారు, మళ్లీ నాటుతారు. మూడోది మూర్. చెట్టు లేని ఎత్తయిన బీడు. గడ్డీ నాచూ పూర్తిగా కుళ్లకుండా వేల ఏళ్లుగా పేరుకున్న నల్లటి మెత్తటి నేల. వాన నీటిని స్పాంజిలా పట్టి ఉంచుతుంది. ఆగస్టులో దాని మీద హెదర్ పొదలు ఊదారంగు పూలు పూస్తాయి.

ఈ మూడింటి మధ్యగా నేను సెలవు రోజుల్లో మౌంటెన్ బైకు తొక్కుతాను. ఈ బండి కథ కూడా సరదాగా ఉంటుంది. 1970లలో అమెరికాలో, కాలిఫోర్నియాలోని టామల్పైస్ కొండ దగ్గరి కుర్రాళ్లు లావు టైర్ల పాత సైకిళ్లు కొని కొండ మీంచి కిందికి వదిలేవాళ్లు. పెడలు వెనక్కి తొక్కితే పడే బ్రేకులు అవి. దిగేసరికి హబ్బులో గ్రీజు మాడి పొగలొచ్చేది. ప్రతిసారీ విప్పి మళ్లీ గ్రీజు కూరాల్సి వచ్చేది. అందుకే 1976లో వాళ్లు మొదలుపెట్టిన పందేనికి "రీప్యాక్" అని పేరొచ్చింది. ఇరవై ఏళ్లకల్లా, 1996 అట్లాంటా ఒలింపిక్స్‌లో అది క్రీడ అయి కూర్చుంది. లావు టైర్లలో గాలి తక్కువ పెడతాం. రాయి తగిలితే టైరు లొంగి పట్టు దొరుకుతుంది. ముందు ఫోర్కులో స్ప్రింగో గాలో ఉండి కుదుపును మింగుతుంది. గేర్లు ఎంత చిన్నవంటే, మన నడకకంటే నెమ్మదిగానైనా నిట్టనిలువు ఎక్కొచ్చు. నా వయసులో నాకు పనికొచ్చేది అదే.

నాకిష్టమైన దారి లాక్ ట్రూల్ దగ్గర మొదలవుతుంది. 1307లో రాబర్ట్ బ్రూస్ ఇంగ్లండు సైన్యాన్ని ఓడించిన లోయ అది. గట్టు మీద ఆయన పేర పెద్ద బండరాయి నిలిపారు. కింద చెరువు ఒడ్డున పాత ఓక్ చెట్లు. అక్కడి నుంచి దిగి, ఏరు దాటి, రాళ్ల దారిన పైకెక్కితే మూర్. బండి దిగి తోసుకుంటూ పోవాల్సిన చోట్లున్నాయి. తర్వాత కలప లారీల కోసం వేసిన కంకర బాట. లాక్ డీ పక్కనుంచి అడవిలోగా క్లాటరింగ్‌షాస్ దాకా. వాన పడని రోజు అరుదు. వేసవిలో గాలి ఆగిందంటే మిడ్జులనే నలుసంత దోమలు ముసురుకుంటాయి. కానీ జూన్‌లో రాత్రి పది దాకా వెలుతురుంటుంది. ఒక పూటంతా తొక్కితే ఎదురయ్యే మనుషుల్ని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఈ దారిలో నేను ఎంతమంది భూమి దాటుతున్నాను? కొంత ప్రభుత్వ అడవి, కొంత రైతుల గొర్రెల బీడు, కొంత పెద్ద ఎస్టేటు. ఎక్కడా నన్ను ఆపి "ఎవరమ్మా నువ్వు" అని అడగరు. ఇంకో దేశం నుంచి వచ్చిన నా ఒంటి రంగు చూసి కూడా అడగరు. కారణం వాళ్ల మంచితనం ఒక్కటే కాదు. అది చట్టం. 2003లో స్కాట్లండ్ పార్లమెంటు భూసంస్కరణల చట్టం చేసింది. 2005 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం భూమి ఎవరిదైనా సరే, బాధ్యతగా మసలుకునే ప్రతి మనిషికీ దాని మీదుగా నడిచి, సైకిలు మీద, గుర్రం మీద వెళ్లే హక్కుంది. మోటారు బండికి లేదు. ఇంటి పెరట్లోకి లేదు. ఎదుగుతున్న పైరులోంచి లేదు. గట్టు మీంచి వెళ్లొచ్చు.

పక్కనే ఉన్న ఇంగ్లండులో ఇలా కాదు. అక్కడ 1968 చట్టం సైకిలుకి గుర్రపు బాటల మీద చోటిచ్చింది. 2000లో బీళ్లనూ కొండలనూ జనానికి తెరిచిన చట్టం కాలినడకకే హక్కిచ్చింది, సైకిలుకి ఇవ్వలేదు. స్కాట్లండ్‌కీ ఇది ఊరికే రాలేదు. జేమ్స్ బ్రైస్ అనే పార్లమెంటు సభ్యుడు కొండల మీద జనం నడిచే హక్కు కోసం మొదటి బిల్లు పెట్టింది 1884లో. నెగ్గలేదు. చట్టం చేతికొచ్చేసరికి 119 ఏళ్లు పట్టింది.

ఆ చట్టంతోపాటు ఒక నియమావళి ఉంది. నన్ను కట్టిపడేసింది అదే. గేటు ఎలా ఉందో అలాగే ఉంచి వెళ్లండి: మూసి ఉంటే మూయండి, తెరిచి ఉంటే తెరిచే ఉంచండి, ఎందుకంటే గొర్రెలు నీళ్లకు వెళ్లే దారి రైతుకి తెలుసు, మీకు తెలియదు. గొర్రెలు ఈనే రోజుల్లో మందకు దూరంగా ఉండండి. నడిచేవాళ్లు కనిపిస్తే వేగం తగ్గించండి. నేల నానిపోయి ఉంటే టైరుతో చాలు తీయకండి. మూర్ మీద టైరు చేసిన గాడిలోంచి నీరు జారిపోతే, వేల ఏళ్ల నేల ఎండిపోవడం మొదలవుతుంది. రైతుకీ బాధ్యత ఉంది: కారణం లేకుండా దారికి అడ్డం పెట్టకూడదు. స్థానిక ప్రభుత్వం తన ప్రాంతంలోని ముఖ్యమైన దారులన్నీ గుర్తించి పటం గీయాలి. తగువు వస్తే భూమి ఉన్నవాళ్లూ దారి వాడేవాళ్లూ ఒకే బల్ల చుట్టూ కూర్చునే వేదిక ఉండాలి. ఇవన్నీ ఆ చట్టంలోనే రాసుకున్నారు.

లాక్ డీ పైన వైట్ లాగన్ అనే రాతి ఇల్లు ఉంది. పాతకాలపు కాపరి కొట్టం. దానికి తాళం లేదు, కాపలా లేదు, అద్దె లేదు. వానలో చిక్కుకున్నవాళ్లు ఎవరైనా లోపల తలదాచుకోవచ్చు. ఊడ్చి, చెత్త మూటగట్టుకుని, తలుపు వేసి వెళ్లాలి, అంతే. 1965 నుంచి ఒక స్వచ్ఛంద సంఘం ఇలాంటి కొట్టాలను బాగుచేసి చూసుకుంటోంది. అది మొదట బాగుచేసిన కొట్టం కూడా ఈ గాలోవేలోదే. మన సంఘంలాంటి సంఘమే అదీ. చందాలు, శ్రమదానం, ఏడాదికో సమావేశం.

ఇక మన ఊరి సంగతి. దారి మీద అందరికీ హక్కుండడం మనకు కొత్తేం కాదు. మన పుంతలు ఏమిటి మరి? ఊరికీ ఊరికీ మధ్య, పొలాల నడుమ, రెండెడ్ల బండి పట్టేంత వెడల్పున, రెండు పక్కలా తాళ్లూ తుమ్మలూ ఉండే పుంత ఎవరి సొత్తూ కాదు, అందరిదీ. కొన్ని జిల్లాల్లో డొంక అంటారు, తెలంగాణలో బండ్ల బాట అంటారు. రెవెన్యూ రికార్డుల్లో వాటికి పోరంబోకుగా చోటుంది. చేలోంచి పోవద్దు, గట్టు తెంపొద్దు, కోత కాలంలో బండ్లకు దారివ్వాలి అని మన పెద్దవాళ్లు రాయకుండానే పాటించిన నియమావళీ ఉంది.

నిన్న సాయంత్రం మన బడి వెనక పుంత చూసొచ్చాను. మూడు ఊళ్ల పిల్లలు మా రోజుల్లో వచ్చిన దారి అది. కొన్నిచోట్ల సైకిలు కూడా పట్టదు. ఒకచోట తూము కూలింది. ఒకచోట కంచె పడింది. ఎవరి తప్పని నేను అడగడానికి రాలేదు. ఏడాదికో సాలు చొప్పున జరిగితే ఏ పుంతైనా అంతే అవుతుంది, వాడేవాళ్లు లేని దారి మీద ఎవరికీ భయం ఉండదు. ఇప్పుడా ఊళ్ల పిల్లలు ఆటోల్లో కిక్కిరిసి హైవే మీదుగా వస్తున్నారు. ఆటో రాని రోజు, అందులోనూ ఆడపిల్లలు, మానేస్తున్నారని మన ప్రధానోపాధ్యాయులే చెప్పారు.

2006లో బీహార్ ప్రభుత్వం హైస్కూల్లో చేరే ఆడపిల్లలకు సైకిళ్లివ్వడం మొదలుపెట్టింది. ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, నిషీత్ ప్రకాష్ దాని మీద పరిశోధన చేశారు. ఆడపిల్లల చేరికలు బాగా పెరిగాయనీ, బడి దూరమైన ఊళ్లలో ఆ పెరుగుదల మరింత ఎక్కువనీ తేల్చారు. మన రాష్ట్రంలోనూ సైకిళ్లు పంచిన ఏళ్లున్నాయి. కానీ సైకిలు ఇచ్చి హైవే మీదకు ఎక్కమంటే ఏ తల్లి పంపిస్తుంది?

స్వర్ణోత్సవం గుర్తుగా బడికి ఆర్చి కట్టాలన్న ఆలోచన ఉందని విన్నాను. కట్టండి, నా వంతు చందా నేనిస్తాను. దానితోపాటు, ఆ ఆర్చి కిందికి పిల్లలు ఏ దారిన వస్తారో కూడా చూద్దాం. నా ప్రతిపాదన మూడు మాటల్లో చెబుతాను. ఒకటి, గ్రామ నక్షా తీయించి, సర్వేయరు చేత పుంత హద్దులు కొలిపించి రాళ్లు పాతిద్దాం. మనలో రెవెన్యూలో చేసి రిటైరైనవాళ్లు ముగ్గురున్నారు. రెండు, పుంత పక్క రైతుల్ని ముందుగా పిలిచి మాట్లాడదాం. వాళ్లలో సగం మంది మన బడిలో చదివినవాళ్లే. చేలో అడుగుపెట్టం, ప్లాస్టిక్ పారేయం, కోతలప్పుడు యంత్రాలకు దారి వదులుతాం అని పిల్లల తరఫున మనం మాటిద్దాం. మూడు, తూము కట్టించి, కంకర పరిపించి, ఎనిమిదో తరగతి పిల్లల చేత రెండు పక్కలా చెట్లు నాటిద్దాం. సైకిళ్ల సంగతి విదేశాల్లో ఉన్నవాళ్లం చూసుకుంటాం.

స్కాట్లండ్ వాళ్లకు ఆ హక్కు రాయించుకోవడానికి 119 ఏళ్లు పట్టింది. మన హక్కు రికార్డులో ఇప్పటికే ఉంది. రేపు ఉదయం పది గంటలకు గ్రామ సచివాలయంలో నక్షా కోసం అర్జీ పెట్టబోతున్నాను. నాతో వచ్చేవాళ్లు భోజనాల దగ్గర పేర్లివ్వండి.