దున్నని అర ఎకరం

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నాకు ఇచ్చిన సమయం పది నిమిషాలు. బడి జ్ఞాపకాలు చాలామంది చెప్పారు, ఇంకా చెబుతారు. నేను మాత్రం బడి వెనక ఉన్న బీడు గురించి మాట్లాడతాను. రేపటి సర్వసభ్య సమావేశంలో ఆ అర ఎకరాన్ని గ్రావెల్ పోసి చదును చేసి, టైల్స్ పరిచే ప్రతిపాదన ఉంది. దాని మీద ఓటు వేసే ముందు నా మాట కూడా వినండి.

నేను సివిల్ ఇంజనీరును. ముప్పయ్యేళ్లుగా నల్లరేగడితోనే నా పోట్లాట. ఈ మట్టిలో మాంట్‌మొరిల్లొనైట్ అనే బంకపదార్థం ఉంటుంది. నీళ్లు తాగితే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోతుంది. అందుకే మన ఊళ్లో కట్టిన రెండేళ్లకే గోడలు నెర్రెలిస్తాయి, రోడ్లు అలలు తేలతాయి. రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థవారు అండర్ రీమ్‌డ్ పైల్ పునాదిని రూపొందించింది ముఖ్యంగా ఇలాంటి నేలల కోసమే. ఇంజనీరుకు ఇది చెడ్డ నేల. గడ్డికి మాత్రం ఇంతకంటే మంచి నేల లేదు.

ఎందుకో చెబుతాను. వేసవిలో నెర్రెలు విచ్చినప్పుడు పైమట్టి వాటిలోకి రాలుతుంది. వానలకు నేల ఉబ్బి ఆ మట్టిని మళ్లీ పైకి నెడుతుంది. అంటే రేగడి తనను తానే దున్నుకుంటుంది. ఈ లాగుడుకు చెట్ల లేతవేర్లు తెగిపోతాయి. దట్టమైన సన్నవేర్లున్న గడ్డి తట్టుకుంటుంది. నాగలి రాకముందు ఈ మైదానంలో చెట్టుకంటే గడ్డిదే పైచేయి కావడానికి వానలు, మేతలు, మంటలతోపాటు ఈ మట్టి గుణం కూడా కారణం.

భారత వ్యవసాయ పరిశోధన మండలి 1973లో మన దేశపు గడ్డినేలల మీద ఒక గ్రంథం ప్రచురించింది. రాసినవారు దబాడ్‌ఘావ్, శంకరనారాయణ్. దేశంలోని గడ్డినేలలను వారు ఐదు రకాలుగా విభజించారు. మన దక్కను ద్వీపకల్పానిది సెహిమా-డైకాంథియం రకం. సెహిమాను మనవాళ్లు నెంద్రగడ్డి అంటారు, అది గరప నేలల్లో పెరుగుతుంది. సమతలంగా ఉన్న నల్లరేగడిలో డైకాంథియం. నీరు నిలిచే పల్లాల్లో చెంగలిగడ్డి. లెవెలింగ్ పరికరం లేకుండానే నేల ఎత్తుపల్లాలను గడ్డి చూసి చెప్పవచ్చన్నమాట.

ఈ గడ్డే ఒంగోలు జాతిని పెంచింది. గుండ్లకమ్మ, ముసి నదుల నడుమ పచ్చికల్లో మేసిన ఆ పశువుల సంతతే ఈనాడు బ్రెజిల్‌లో 'నెలోర్' పేరుతో ఉంది. ఒంగోలు ఒకప్పుడు నెల్లూరు జిల్లాలోది కాబట్టి ఆ పేరు వచ్చింది. బ్రెజిల్ మాంసపు పశువుల్లో అత్యధిక భాగం ఆ రక్తమే. ఇక్కడ జాతిని కాపాడటానికి లాం ఫారం ఉంది, చదలవాడ పశుక్షేత్రం ఉంది. ఆ జాతిని పెంచిన పచ్చికకు మాత్రం ఏ ఫారమూ లేదు.

పచ్చిక ఎలా పోయిందో మీకు తెలుసు. పొగాకు వచ్చింది, పత్తి వచ్చింది, మిరప వచ్చింది. 1967 ఆగస్టులో సాగర్ కాలువలకు నీళ్లు వదిలారు. ఎద్దుల స్థానంలో ట్రాక్టరు వచ్చాక గడ్డితో ఎవరికీ పని లేకపోయింది. ఇందులో రైతును తప్పుపట్టడానికి లేదు. మనలో సగంమంది ఫీజులు కట్టింది ఆ మిరప డబ్బుతోనే. ఇక మిగిలిన బీళ్లను సర్కారు తుమ్మ, వయ్యారిభామ మింగేశాయి. ఇప్పుడు పాత గడ్డి కనబడేది డొంకల అంచుల్లో, రైలు కట్టల పక్కన, శ్మశానాల్లో, నాగలి తగలని ఇలాంటి మూలల్లో.

మన సభ్యుల్లో చాలామంది డల్లాస్ ప్రాంతంలో ఉన్నారు. తమ్ముళ్లూ, ప్లేనోలో, ఫ్రిస్కోలో మీ ఇళ్ల కింద ఉన్నదీ నల్లరేగడే. బ్లాక్‌ల్యాండ్ ప్రెయిరీ అంటారు. అక్కడా మనలాగే పత్తి వేశారు. అక్కడా పునాదులు కదులుతాయి, అందుకే ఎండాకాలం పునాది చుట్టూ నీళ్లు పెడుతుంటారు. ఒకప్పుడు సుమారు కోటీ 20 లక్షల ఎకరాలున్న ఆ గడ్డినేలలో ఇప్పుడు మిగిలింది ఒక్క శాతం కూడా లేదు. మిగిలిన ముక్కల్ని వాళ్లు కళ్లలో పెట్టుకుని చూసుకుంటున్నారు. హంట్ కౌంటీలోని క్లైమర్ మెడో అలాంటిదే. ఒక సెలవురోజు పిల్లల్ని తీసుకెళ్లి చూడండి. అన్నట్టు, మన డైకాంథియాన్ని మేత కోసం టెక్సాస్‌కు తీసుకెళితే అక్కడి సొంత గడ్డిని తొక్కేస్తోంది. అమెరికా ఖండాల నుంచి వచ్చిన సర్కారు తుమ్మ ఇక్కడ అదే పని చేస్తోంది. ఏ మొక్కా పుట్టుకతో చెడ్డది కాదు, ఎక్కడ ఉందన్నదే ముఖ్యం.

నిన్న సాయంత్రం మన సైన్సు మేడమ్‌గారితో కలిసి ఆ అర ఎకరం తిరిగాను. డొంకవైపు పల్లంలో చెంగలి ఉంది. మెరకమీద డైకాంథియం ఉంది. మధ్యమధ్య వెంపలి, విష్ణుక్రాంతం, గునుగు, పల్లేరు ఉన్నాయి. వెంపలి వేరుబుడిపెలు గాలిలోని నత్రజనిని పట్టి నేలకిస్తాయి. ఆ గడ్డికి ఎవరూ యూరియా వెయ్యకపోయినా బతకడానికి అదొక కారణం. మన పంచెలకూ లంగాలకూ గుచ్చుకునే ముళ్లగడ్డి కూడా ఉంది. దాని పేరు హెటెరోపోగన్. గింజకున్న పొడుగాటి తోక ఆరితే మెలి తిరుగుతుంది, తేమ తగిలితే విడుతుంది. అలా తిరుగుతూ గింజను నేలలోకి దించుకుంటుంది. బర్మాతో రంధ్రం వేసినట్టే. పిల్లలకు పాఠం చెప్పడానికి ఇంతకంటే మంచి ప్రయోగశాల కొనగలమా?

గడ్డే కదా, మళ్లీ నాటుకోవచ్చు అని మీరనవచ్చు. లాన్ నాటుకోవచ్చు. ఇది మాత్రం రాదు. ఒకసారి గ్రావెల్ పోసి రోలర్ తిప్పితే ఆ వేళ్లు, ఆ గింజల నిల్వ, ఆ మిట్టపల్లాలు పోయినట్టే. టెక్సాస్‌లో డబ్బూ శాస్త్రజ్ఞులూ ఉండి కూడా దున్నిన నేలను పాత ప్రెయిరీగా పూర్తిగా తిరిగి తేలేకపోతున్నారు.

ఇంజనీరుగా ఇంకో మాట. రేగడిని తవ్వి మార్చకుండా పైన పలచగా గ్రావెల్ పోసి టైల్స్ పరిస్తే, రెండు వానాకాలాలు దాటేసరికి అవి లేస్తాయి. అప్పుడు మళ్లీ చందాలు ఎత్తాలి.

కాబట్టి నా ప్రతిపాదన ఇది. టైల్స్ కావాలంటే ముందువైపు, అసెంబ్లీ జరిగే చోట, పద్ధతిగా పునాది వేసి పరుద్దాం. డిజైను నేనిస్తాను, పని దగ్గరుండి చేయిస్తాను. వెనక అర ఎకరాన్ని అలాగే వదిలేద్దాం. దానికి అయ్యే ఖర్చు స్వల్పం. తుమ్మ మొలకల్ని వేళ్లతో పెకలించాలి. వయ్యారిభామను పూతకు రాకముందే చేతులకు తొడుగులు వేసుకుని పీకాలి. అది పెద్దల పని, పిల్లలచేత చేయించకూడదు. గడ్డిని గింజ రాలాక, సంక్రాంతి తర్వాత ఒక్కసారే కోయించి పశువులున్నవారికి ఇవ్వాలి. నిప్పు పెట్టకూడదు, కలుపుమందు కొట్టకూడదు. తొమ్మిదో తరగతి పిల్లలు ఏటా ఏ మొక్క ఎక్కడుందో ఒక రిజిస్టరులో రాయాలి. గుర్తుపట్టలేని వాటిని నాగార్జున విశ్వవిద్యాలయం వృక్షశాస్త్ర విభాగంవారికి చూపిద్దాం.

చిలకలూరిపేట నుంచి ఒంగోలు దాకా హైవే మీద వెళ్లే మన పిల్లలకు రెండువైపులా పత్తి, మిరప, పొగాకు, సర్కారు తుమ్మ కనబడతాయి. ఈ నేల మొదట ఎలా ఉండేదని వాళ్లు అడిగితే చూపించడానికి మన దగ్గర అర ఎకరం ఉంది. యాభై ఏళ్ల పండగకు మనం కట్టేవి ఎన్నో ఉండవచ్చు. కట్టకుండా వదిలేసేది కూడా ఒకటి ఉండనివ్వండి. రేపు ఓటు వేసేముందు ఒక్కసారి వెనక్కి నడిచి చూడమని అందరినీ కోరుతున్నాను.