కారు చుట్టూ కట్టిన కంచెలో మన వాటా ఏది?

(పెద్దదోర్నాలలో దళిత యువకుల సమావేశంలో ఒక ఉపాధ్యాయుడు ఇచ్చిన ఉపన్యాస పాఠం)



ఈ పొద్దు కార్ల పరిశ్రమ గురించి మాట్లాడతామంటే వెనక కూర్చున్న పెద్దాయన నవ్వాడు. "మన పల్లెలో ఎవరికుంది సారూ కారు?" అన్నాడు. నిజమే. కారున్నోళ్లు మన పల్లెలో లేరు. కానీ శివరాత్రికి ముందు ఒక్క గంట దోర్నాల సెంటర్లో నిలబడి చూడండి. శ్రీశైలం ఘాటెక్కే కార్లకు లెక్కుండదు. వెనక సీట్లో కూర్చున్నాయన ఎవరో మనకు తెలవదు. స్టీరింగ్ పట్టుకున్నోడు మాత్రం మన పల్లె పిల్లగాడే. పంక్చర్ వేసేవాడు మనోడే. ఫైనాన్స్ మీద బండి తీసుకొని, రెండు కిస్తీలు తప్పితే బండి పోగొట్టుకొని వచ్చేవాడూ మనోడే. కారు మనది కాదు గానీ కారు చాకిరీ మనది. కాబట్టి ఈ చర్చా మనదే.

చర్చ ఏందంటే, బయటి దేశాల కార్లను మన దేశంలోకి తేలిగ్గా రానివ్వాలా, పన్నుల గోడ కట్టి మన కార్ల పరిశ్రమను కాపాడుకోవాలా? 2025 జూలైలో మన ప్రభుత్వం బ్రిటన్‌తో ఒప్పందం మీద సంతకం పెట్టింది. నూటికి నూరు పైన ఉన్న కార్ల సుంకాన్ని, ఏటా ఇన్ని కార్లని లెక్కగట్టి, దశలవారీగా నూటికి పదికి తగ్గిస్తామని ఒప్పుకుంది. తెరిస్తే పోటీ వస్తుందని, మంచి కారు చవగ్గా దొరుకుతుందని కొందరంటారు. తెరిస్తే మన ఫ్యాక్టరీలు మూతబడతాయని కొందరంటారు. ఇద్దరూ పేపర్లలో, టీవీల్లో గొంతు చించుకుంటున్నారు. ఇద్దరిలో ఒక్కరైనా మన గూడేనికొచ్చి మీరేమంటారని అడిగారా? అడగలేదు. అడక్కపోయినా మనం చెబుదాం.

మామిడి మొక్క నాటితే మనం ఏం చేస్తాం? చుట్టూ ముళ్లకంప పెడతాం. లేకపోతే మేకలు రెండో రోజుకే కొరికేస్తాయి. పరిశ్రమా అంతే. వందేళ్ల అనుభవమున్న కంపెనీతో నిన్న పుట్టిన కంపెనీని ఒకే బరిలో దించితే అది పోటీ కాదు, హత్య. అందుకే మేం సూటిగా చెబుతున్నాం, పేద దేశానికి కంచె కావాలి. కంచె వద్దని ఈనాడు మనకు చెప్పే దేశాలన్నీ తాము ఎదిగేటప్పుడు కంచె కట్టుకున్నవే.

దక్షిణ కొరియాను చూడండి. 1962లోనే కార్ల పరిశ్రమ రక్షణకు చట్టం చేసింది. 1975 చివర్లో హ్యుందయ్ కంపెనీ పోనీ అనే సొంత కారు తయారీ మొదలెట్టింది. పరాయి కార్లకు 1987 దాకా తలుపు తీయలేదు. జపాన్ కార్లకైతే 1999 దాకా తీయలేదు. కానీ కంచె లోపల పడుకోనివ్వలేదు. బయటి దేశాలకు అమ్మి చూపించమన్నారు. చూపించినోళ్లకే అప్పులిచ్చారు. 1944లో సైకిలు సామాన్లు చేస్తూ మొదలైన కియా అనే కంపెనీ ఆ కంచెలోనే కార్ల కంపెనీగా ఎదిగింది. 1997 సంక్షోభంలో కూలబడితే మరుసటేడు హ్యుందయ్ కొనేసింది. ఆ కియానే ఇవాళ మన రాయలసీమలో పెనుకొండ పక్కన కార్లు చేస్తోంది. అక్కడి కార్మికులకు ఇవన్నీ ఊరికే దక్కలేదు. 1987లో వీధుల్లోకొచ్చి సమ్మెలు చేశాకే జీతాలు పెరిగాయి, యూనియన్లు నిలిచాయి. ఇది మరిచిపోవద్దు.

కంచె తీసేసిన దేశాన్నీ చూడండి. ఆస్ట్రేలియాలో పన్ను గోడ తగ్గిస్తూ వచ్చారు, చివరికి ప్రభుత్వ సాయమూ ఆపేశారు. 2016లో ఫోర్డ్ ఫ్యాక్టరీ మూసేసింది. 2017లో టయోటా, హోల్డెన్ మూసేశాయి. అంత డబ్బున్న దేశానికే ఆ గతి పట్టింది.

మరి మన దేశంలో కంచె కట్టలేదా? కట్టారు. బలంగా కట్టారు. 1949లోనే తయారైన కార్ల దిగుమతిని ఆపారు. 1953లో టారిఫ్ కమిషన్, ఇక్కడే విడిభాగాలతో సహా తయారు చేసేవాళ్లే ఉండాలంది. జనరల్ మోటార్స్, ఫోర్డ్ మూటాముల్లె సర్దుకున్నాయి. మిగిలింది ముఖ్యంగా మూడు కంపెనీలు. బిర్లాల హిందుస్థాన్ మోటార్స్, బొంబాయిలో ప్రీమియర్, మద్రాసులో స్టాండర్డ్. ఇంగ్లండు పాత మోరిస్ ఆక్స్‌ఫర్డ్ కారే 1950ల చివర్లో అంబాసిడర్ అయింది. మంత్రి ఎక్కినా అదే, కలెక్టరు ఎక్కినా అదే. డబ్బు కట్టి ఏళ్ల తరబడి కాచుకోవాలి. ఆ కారు తయారీ 2014లో ఆగిపోయేదాకా చూసిన చూపుకు పెద్దగా మార్పు లేదు. కొరియాలో కంచె లోపల మొక్క చెట్టయింది. ఇక్కడ కంచె లోపల షావుకారు మంచమేసుకొని పడుకున్నాడు.

ఇక్కడే మనం ఒక మాట అడగాలి. ఆ నలభై ఏళ్లలో బిర్లాను ఎవరైనా "నీ మెరిట్ ఎంత?" అని అడిగారా? "జపాన్ వాడితో పోటీపడి గెలువు, అప్పుడే నీకు మార్కెట్" అన్నారా? లేదు. "పాపం, ఇప్పుడే పుట్టిన పరిశ్రమ, కాస్త ఊతమివ్వాలి" అన్నారు. అదే ఊతం మన పిల్లోడికి మెడికల్ సీటులోనో టీచరు పోస్టులోనో ఇస్తే, అయ్యో ప్రతిభ చచ్చిపోతోందని రోడ్డెక్కారు. పరిశ్రమకిస్తే రక్షణ, మనకిస్తే భిక్ష! పెట్టుబడికొక నీతి, వెలివాడకొక నీతి!

సరే, కంచె కట్టారు. లోపల మనకు చోటిచ్చారా? ఈ ప్రశ్న కార్లకంటే పాతది. బొంబాయి బట్టల మిల్లుల్లో అంటరానివాళ్లను నేత విభాగంలోకి రానిచ్చేవాళ్లు కాదు. కండె మార్చేటప్పుడు దారాన్ని నోటితో అందుకోవాలి, అది మైలపడుతుందట! ఎక్కువ కూలి వచ్చే పని అదే. 1928 బొంబాయి మిల్లు సమ్మెలో బాబాసాహెబ్ అంబేద్కర్ ఈ సంగతి కార్మిక నాయకుల ముందు పెట్టి, అంటరాని కార్మికులకు నేత విభాగంలో హక్కు కావాలని పట్టుబట్టాడు. రెండేళ్లకు, 1930లో, ఆ మిల్లుల రక్షణకు బ్రిటిష్ ప్రభుత్వం చట్టం చేసి విదేశీ బట్ట మీద సుంకం పెంచింది. సుంకం పెరిగితే బట్ట ధర పెరుగుతుంది. ఆ ధర కట్టినోళ్లలో మనమూ ఉన్నాం. మగ్గం దగ్గర మాత్రం మనం లేం.

బాబాసాహెబ్ పరిశ్రమలకు వ్యతిరేకి కాదు. 1918లోనే చిన్న కమతాల మీద రాస్తూ, భూమి మీద బరువు తగ్గాలంటే పరిశ్రమలు రావాలన్నాడు. 1947లో ఇచ్చిన రాజ్యాంగ ముసాయిదాలో కీలక పరిశ్రమలు ప్రభుత్వం చేతిలో ఉండాలన్నాడు. ఎందుకన్నాడో మారుతి కథ చూస్తే తెలుస్తుంది.

మారుతి ప్రభుత్వ కంపెనీగా మొదలైంది. 1982లో సుజుకీతో ఒప్పందమైనప్పుడు 74 వంతులు ప్రభుత్వానివి, 26 వంతులు సుజుకీవి. 1983 డిసెంబర్లో మొదటి కారొచ్చింది. ప్రభుత్వ కంపెనీకి రిజర్వేషన్ నియమం ఉంటుంది. 1992లో సుజుకీ వాటా సగానికి చేరింది, అది ప్రభుత్వ కంపెనీ కాకుండా పోయింది. 2007కల్లా ప్రభుత్వం మొత్తం వాటా అమ్ముకొని బయటికొచ్చింది. బయటి కార్ల మీద పన్ను గోడ మాత్రం అట్టాగే నిలిచింది. గోడ ఉంది, గోడ లోపల రాజ్యాంగం లేదు!

2012 జూలై 18న మానేసర్‌లోని మారుతి ఫ్యాక్టరీలో ఘర్షణ జరిగింది. ఒక దళిత కార్మికుణ్ణి సూపర్‌వైజర్ కులం పేరెత్తి తిట్టడంతో మొదలైందని యూనియన్ చెప్పింది. యాజమాన్యం వేరే కథ చెప్పింది. ఒక మేనేజరు చనిపోయాడు. ఆ చావును మేం సమర్థించం. కానీ 148 మందిని కేసులో పెట్టి ఏళ్ల తరబడి తిప్పితే, 2017లో కోర్టు 117 మందిని నిర్దోషులని వదిలేసింది, 31 మందికి శిక్ష వేసింది. నిర్దోషుల జైలు రోజులు ఎవరు తిరిగిస్తారు?

దూరం కథలెందుకు, మా బడి పిల్లోడి సంగతి చెబుతాం. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి తరం మేమే. వాళ్లింట్లో పదో తరగతి దాటింది ఆ పిల్లోడే. ఐటీఐ చేశాడు, ఫిట్టరు. ఒక ఫ్యాక్టరీలో మనుషుల్ని తీసుకుంటున్నారంటే పోయాడు. కంపెనీ వాడు కాదు, కాంట్రాక్టరు మనిషి కూర్చున్నాడు. సర్టిఫికెట్ తిరగేసి ముందు ఊరు అడిగాడు, తర్వాత ఊళ్లో ఏ వైపు ఇల్లని అడిగాడు. ఏ వైపని ఎందుకడుగుతారో మీకు తెలుసు. ఏడు నెలలు పని చేయించుకొని, ఆర్డర్లు లేవని పంపేశారు. పీఎఫ్ కాగితం కూడా చేతికివ్వలేదు. పేరు చెప్పం, ఆ పిల్లోడు మళ్లీ ఎక్కడో పని వెతుక్కోవాలి గదా.

ఇంకో పక్క చూడండి. మన మాదిగ తాతలు లందలో తంగేడు చెక్కతో తోలు ఊనబెట్టారు. చెప్పులు కుట్టారు, కపిల బానకు తొండం కుట్టారు, డప్పుకు తోలు బిగించారు. అదీ పరిశ్రమే. ఈ దేశంలో అంతకంటే స్వదేశీ పరిశ్రమ ఏదుంది? బోరు మోటారొచ్చి తొండాన్ని మింగింది, కంపెనీ చెప్పొచ్చి మన చెప్పును మింగింది. తోలు చెప్పులను చిన్న పరిశ్రమల జాబితాలో కాగితం మీద పెట్టారు, 2001లో తీసేశారు. లిడ్‌క్యాప్ అని కార్పొరేషన్ పెట్టారు. బిర్లా కారు చుట్టూ కట్టినంత కంచె మాదిగ లంద చుట్టూ ఏనాడైనా కట్టారా?

ఇక పెనుకొండ. కియాతో మన రాష్ట్రం 2017లో ఒప్పందం చేసుకుంది. 536 ఎకరాల భూమి, రోడ్లు, కరెంటు, పన్ను రాయితీలు, గొల్లపల్లి రిజర్వాయరు నీళ్లు. 2019 ఆగస్టులో కారు బయటికొచ్చింది. రెండేళ్లు! ఏటా 3 లక్షల కార్లు చేసే శక్తి ఉన్న ఫ్యాక్టరీ. కరువు సీమకు ఫ్యాక్టరీ రావడం మంచిదే, మేం అడ్డం పడం. కానీ మన వెలిగొండను తలుచుకోండి. 1996లో శంకుస్థాపన. సొరంగాల ప్రారంభోత్సవం 2024 మార్చిలో. 28 ఏళ్లు! కారుకు నీళ్లివ్వాలంటే రెండేళ్లు, మార్కాపురం, గిద్దలూరు, దోర్నాల మనుషులకు నీళ్లివ్వాలంటే ఒక తరం. పైగా ఆ రాయితీ ఎవరి డబ్బు? మనం కొనే సబ్బుబిళ్ల మీద, చెప్పుల జత మీద కట్టే పన్నులో నుంచే గదా!

2019లో రాష్ట్రం పరిశ్రమల్లో 75 శాతం ఉద్యోగాలు స్థానికులకేనని చట్టం చేసింది. స్థానికుడంటే ఎవరు? ఊరి నడిమధ్య ఉన్నోడా, ఊరి చివర ఉన్నోడా? ఆ చట్టంలో మన వాటా మాట లేదు. ఇట్టాంటి చట్టమే హర్యానా చేస్తే 2023లో అక్కడి హైకోర్టు కొట్టేసింది.

మమ్మల్ని ఒకాయన అడిగాడు. "కంచెకు గడువుండాలంటున్నారు, మరి మీ రిజర్వేషన్లకూ గడువుండాలి గదా?" అని. మంచి ప్రశ్న, జవాబు గట్టిగా నేర్చుకోండి. రాజ్యాంగంలో పదేళ్ల గడువు పెట్టింది చట్టసభల సీట్లకు. దాన్ని పొడిగిస్తూ వస్తున్నారు, ఇప్పుడు 2030 దాకా ఉంది. చదువుకూ ఉద్యోగానికీ గడువు పెట్టలేదు. ఇక న్యాయం మాట. కార్ల కంచె పూర్తిగా కట్టారు, లోపలున్నోళ్లు నిండా తిన్నారు. మన కంచెకు అడుగడుగునా కంతలే. బ్యాక్‌లాగ్ పోస్టులు నింపరు, ప్రైవేటులో కంచే లేదు. మొక్క చెట్టయిందా లేదా చూసి కంచె తీస్తారు. ఊళ్లో రెండు గ్లాసులు, రెండు శ్మశానాలు ఉన్నంతకాలం చెట్టయిందని ఎవరంటారు?

కాబట్టి మన మాట ఇది.

ఒకటి. కార్ల పరిశ్రమకు రక్షణ ఉండాలి. ఒక్కసారిగా తలుపులు బార్లా తెరవొద్దు. కానీ రక్షణకు గడువుండాలి, లెక్క చెప్పాలి. విడిభాగాలు ఇక్కడ ఎంత చేస్తున్నారు, బయటికి ఎంత అమ్ముతున్నారు, మన పిల్లలకు ఏం నేర్పుతున్నారు, ఏటా చెప్పాలి.

రెండు. సుంకం గోడ నీడలో ఉన్న కంపెనీ, ప్రభుత్వ భూమి, నీళ్లు, పన్ను రాయితీ తీసుకున్న కంపెనీ, ఏదైనా సరే రిజర్వేషన్ అమలు చేయాలి. ప్రజల సొమ్ము తిన్నాక అది ఒట్టి ప్రైవేటు కాదు.

మూడు. ఉద్యోగమంటే కంపెనీ రోల్ మీద ఉద్యోగం. కాంట్రాక్టరు చీటీ మీద కాదు.

నాలుగు. పరిశ్రమ అనగానే కొలిచేది మన అసైన్డ్ భూమినే. అక్కణ్ణుంచి తీసుకుంటే పట్టా భూమితో సమానంగా పరిహారం, ఇంటికొక ఉద్యోగం.

ఇవి ఎవరూ పిలిచి ఇవ్వరు. మీరు చేయాల్సిన పని కూడా ఉంది. మన మండలంలో ఐటీఐ, డిప్లొమా చేసిన మన పిల్లల పేర్లు పల్లెపల్లెకూ రాయండి. ఎవరెక్కడ ఏ కాంట్రాక్టరు కింద పనిచేస్తున్నారో, పీఎఫ్ ఉందో లేదో రాయండి. ఏ కంపెనీకి ఏం రాయితీ ఇచ్చారని సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి. దరఖాస్తు రాయడం రాకపోతే మా బడికి రండి, మేం రాసిస్తాం. ఆ రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి ఓట్లకొచ్చినాయన్ని అడగండి. వాళ్లకింత ఇచ్చారు, మాకెంతని.

కంచే చేను మేసిందని మన పెద్దోళ్లు అన్నారు. ఈ కంచెకు కంప కొట్టి మోసుకొచ్చింది మనం, గుంతలు తీసింది మనం. లోపలికి పోయే దారి కూడా మనమే తీద్దాం.

జై భీమ్.