ముసుగు మాట తర్వాత, ముందు ఆమెను కోర్టు లోపలికి రానివ్వండి

(దళిత, ముస్లిం స్త్రీల సమస్యల మీద జరిగిన సభలో చేసిన ప్రసంగం)



ముస్లిం ఆడవాళ్ల ముసుగు మీద మాట్లాడతామంటే మావాళ్లే కొందరు "మాలమాదిగలకు బురఖా గొడవెందుకు? మన గొడవలు మనకు చాలవా?" అన్నారు. చాలినన్ని ఉన్నాయి, కాదనం. కానీ కోర్టు గుమ్మంలో ఎవర్ని ఆపుతారు, ఎవరి మాట సాక్ష్యమవుతుంది, ఎవరి మాట అబద్ధమవుతుంది అన్నది మన ప్రశ్న కూడా. కారంచేడు నుంచీ మనం ఆ ప్రశ్నతోనే కొట్లాడుతున్నాం.

ముందు సంగతేమిటో చెప్పుకుందాం. 2024 నవంబరులో జమ్మూ కశ్మీర్ హైకోర్టులో ఒకామె తాను లాయరునని చెప్పి, ముఖం కప్పుకునే వాదించడానికి లేచింది. జడ్జి ముసుగు తీయమన్నారు. ఇది నా హక్కు, తీయనని ఆమె అంది. ఈమె ఎవరో తేల్చుకునే వీల్లేదని కోర్టు ఆమె వాదన వినలేదు. డిసెంబరులో మరో జడ్జి, ఆవిడా మహిళే, ముఖం కప్పుకుని వాదించడానికి బార్ కౌన్సిల్ నిబంధనల్లో అనుమతి లేదని ఉత్తర్వులిచ్చారు. ఇక్కడొక తేడా గుర్తుపెట్టుకోవాలి. 2022లో కర్ణాటక కాలేజీల్లో జరిగింది తలగుడ్డ గొడవ. ఇది ముఖం కప్పే నఖాబ్ గొడవ. రెండూ కలిపేసి మాట్లాడేవాళ్ల ఉద్దేశం వేరే ఉంటుంది.

లాయరు సంగతి కాసేపు పక్కన పెడదాం. ఆ వృత్తిలోకి పోయేవాళ్లకు నల్లకోటు నిబంధన ముందే తెలుసు. మా ఆలోచనంతా బోనెక్కే మనిషి గురించి. మొగుడు కొట్టాడని, పోలీసు చెరిచాడని, తన వాటా తనకు దక్కలేదని వచ్చే ఆడమనిషి గురించి. "ముసుగు తీస్తేనే నీ మాట వింటాం" అంటే ఆమె ముసుగు తీస్తుందా, కేసే వదిలేసుకుని ఇంటికి పోతుందా? ఇంట్లోవాళ్లే కేసు వద్దంటున్నప్పుడు ఆ నిబంధన ఎవరి పని సులువు చేస్తుంది?

ఇది ఊహించి చెప్పే మాట కాదు. కెనడాలో ఒకామె, చిన్నతనంలో సొంత బంధువులే తన మీద లైంగిక దాడి చేశారని కేసు పెట్టింది. నఖాబ్ తీసి సాక్ష్యం చెప్పమని కింది కోర్టు అంది. ఆ ఒక్క ప్రశ్న మీదే కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. 2012 డిసెంబరులో తీర్పు వచ్చింది. ప్రతిసారీ తీయాలనీ లేదు, ఎప్పుడూ తీయక్కర్లేదనీ లేదు, కేసును బట్టి జడ్జి తూచి చూడాలని మెజారిటీ చెప్పింది. జడ్జి అబెల్లా ఒక్కరే వేరుపడి, ఆమె ముఖమే కేసుకు అవసరమైతే తప్ప తీయమనకూడదు అన్నారు. 2013లో లండన్లో ముద్దాయిగా నిలబడ్డ ఒక ముస్లిం యువతి విషయంలో జడ్జి మర్ఫీ మధ్యేమార్గం పట్టారు. విచారణ నడుస్తున్నంతసేపూ ముసుగు ఉంచుకో, నువ్వు సాక్ష్యం చెప్పేటప్పుడు మాత్రం తియ్యి, జనానికి కనబడకుండా తెర కట్టిస్తాం అన్నారు.

ముసుగు తీయాలనడానికి కోర్టులు చెప్పే కారణాలు రెండు. ఒకటి, ఈ మనిషి ఆ మనిషేనా అని తేల్చుకోవాలి. రెండు, ముఖం చూస్తేగాని నిజమో అబద్ధమో తెలియదు.

మొదటిదానికి జవాబు మా బడిపంతుళ్లను అడగండి. ఎన్నికల డ్యూటీలు చేసి చేసి జుట్టు నెరిసినవాళ్లం. బురఖా వేసుకున్న ఓటరు వస్తే ఏం చేస్తాం? ఆడ ఉద్యోగిని ఒకామె పక్కకు తీసుకుపోయి, చాటున ముఖం చూసి, కార్డులో ఫొటోతో సరిపోల్చుకుంటుంది. వేలికి సిరా పెడతాం, ఓటేసి పోతుంది. రెండు నిమిషాల పని. దాంతో ప్రజాస్వామ్యం కూలిపోయిందని ఎవరూ ఏడవలేదు. పాకబడిలో పెట్టిన పోలింగు బూతు చేయగలిగిన పని హైకోర్టు చేయలేదా?

రెండోది గట్టి ప్రశ్న. దాన్ని తేలిగ్గా తీసేయం. ఎందుకంటే దొంగకేసుల్లో ఇరుక్కునేది ఎక్కువగా మన పిల్లలే. మన కుర్రాడు బోనులో నిలబడ్డప్పుడు, వాడి మీద సాక్ష్యం చెప్పే మనిషి ముఖం వాడికీ వాడి లాయరుకీ కనబడాలనడం అన్యాయం కాదు. సాక్షి తీరు ఎట్లా ఉందో జడ్జి రాసిపెట్టాలని పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడులో ఉండేది. 2024 జూలైలో అమల్లోకి వచ్చిన కొత్త చట్టంలోనూ ఉంది. ఈ హక్కు మనం వదులుకోం.

అయితే ముఖం కనబడితే చాలు, న్యాయం దానంతటదే జరుగుతుందా? 1978లో హైదరాబాద్ నల్లకుంట పోలీస్ స్టేషన్లో రమీజాబీని పోలీసులు చెరిచారు, ఆమె భర్తను కొట్టి చంపారు. ముక్తదర్ కమిషన్ పోలీసులనే తప్పుపట్టింది. కేసు కర్ణాటకకు మారింది. 1981లో రాయచూరు కోర్టు పోలీసులను వదిలేసింది. ఈలోగా ఆమె శీలం మీద వేయని నింద లేదు. రాజస్థాన్లో భన్వరీదేవి 1992లో అత్యాచారానికి గురైంది. వెనుకబడిన కులం మనిషి, బాల్యవివాహాలు ఆపడానికి పోయినందుకు పడ్డ శిక్ష అది. 1995లో జైపూర్ కోర్టు నిందితుల్ని ఆ నేరం నుంచి వదిలేసింది. పైకులం వాళ్లు కింది కులం ఆడదాన్ని అట్లా చేస్తారా అన్న తర్కం ఆ తీర్పులో ఉంది. ఆమె ముఖాన్ని ఏ ముసుగూ కప్పలేదు. కప్పింది చూసే కళ్లను.

మన చుండూరు సంగతి ఇంకో రకం. 1991 ఆగస్టు 6న మనవాళ్లను నరికారు. కొట్లాడి కొట్లాడి ఆ ఊళ్లోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకున్నాం. సాక్షుల్ని ఎదురుగా నిలబెట్టుకుని చూసిన ఆ కోర్టు 2007లో 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు వేసింది. 2014లో హైకోర్టు ఆ శిక్షలన్నీ కొట్టేసింది. హైకోర్టు సాక్షుల ముఖాలు చూసిందా? అప్పీల్లో ముఖాలుండవు, కాగితాలుంటాయి. ముఖమే అంత ప్రమాణమైతే, మన సాక్షుల ముఖాలు చూసిన జడ్జి మాట ఎందుకు నిలవలేదు? ఆ రోజు ఎవరికీ గుర్తురాని ముఖం, ముస్లిం ఆడమనిషి గుమ్మం తొక్కేసరికి ఎందుకు గుర్తొస్తుంది?

అసలు కోర్టుకు తెర కొత్త కాదు. అత్యాచారం కేసుల్లో బాధితురాలికి నిందితుడు కనబడకుండా తెర కట్టొచ్చని 2004లో సుప్రీంకోర్టే సాక్షి కేసులో చెప్పింది. మన అట్రాసిటీ చట్టానికి 2015లో చేసిన సవరణలో సాక్షుల పేర్లు, చిరునామాలు బయటపడకుండా చూసే వీలు పెట్టించుకున్నాం. కరోనా కాలంలో లాయర్లు, జడ్జీలు, సాక్షులు ముక్కూ నోరూ కప్పుకునే కోర్టులు నడిపారు. అప్పుడు న్యాయం ఆగిందని ఎవరూ అనలేదే!

ఇంతకీ ముసుగును మేం సమర్థిస్తున్నామా అంటే, లేదు. బాబాసాహెబ్ పర్దాను గట్టిగానే విమర్శించారు, పాకిస్తాన్ మీద రాసిన పుస్తకంలో. ఆ నాలుగు పేజీలు చించుకుని ముస్లింల మీద విసిరేవాళ్లు ఇప్పుడు తయారయ్యారు. అదే బాబాసాహెబ్ హిందూ ఆడవాళ్ల హక్కుల బిల్లును ముందుకు పోనివ్వలేదని 1951లో మంత్రి పదవి వదిలేస్తే, అది మాత్రం వాళ్లకు గుర్తుండదు. మతం పేరుతో ఆడదాన్ని మూసిపెట్టే మగ పెత్తనం ఏ మతంలో ఉన్నా మనకు శత్రువే. ముల్లాలకు ఈ మాట మొహం మీదే చెబుతాం. కానీ దాని మీద పోరాటం ముస్లిం అక్కచెల్లెళ్లది. మనం వాళ్ల పక్కన నిలబడతాం, వాళ్ల నెత్తిన గుడ్డ లాగం.

గుడ్డ లాగడమంటే ఏమిటో మనకు తెలిసినంతగా ఎవరికి తెలుసు? తిరువాన్కూరులో నాడార్ స్త్రీలు రొమ్ము కప్పుకోవడానికి ఏళ్ల తరబడి కొట్లాడితే 1859లో రాజు దిగొచ్చాడు. ఈ నాటికీ పల్లెల్లో మన ఆడవాళ్లకు వేసే శిక్ష బట్టలూడదీసి తిప్పడమే. కప్పుకో అనేవాడూ, విప్పు అనేవాడూ ఇద్దరూ అధికారం చేసేవాళ్లే. నడుమ ఉన్న ఆమెను ఎవరూ అడగరు.

కాబట్టి ఈ సభ ముందు మా మాట ఇది. ఆమె ఎవరో తేల్చుకోవడానికి ఆడ ఉద్యోగిని చాటున చూడాలి, నలుగురిలో విప్పించకూడదు. ఆమె మాట మీదే అవతలి మనిషికి శిక్షపడే చోట జడ్జికీ, ముద్దాయికీ, ఇరుపక్షాల లాయర్లకూ ముఖం కనబడాలి, మిగతా జనానికి తెర కట్టాలి. ముఖంతో పనిలేని చోట ఆ ఊసే ఎత్తకూడదు. ముసుగు కారణంగా ఏ ఆడమనిషి కేసూ వినకుండా వెనక్కి పంపకూడదు.

ఆమె ముందు లోపలికి రావాలి. లోపలికొచ్చి, మాట చెప్పి, ఆ మాట నిలిచి, తన కాళ్ల మీద తాను నిలబడ్డ మనిషి ముసుగు ఉంచుకోవాలో తీసెయ్యాలో తానే తేల్చుకుంటుంది.

జై భీమ్.