లారీ లెక్క మన నోటుబుక్కులో

(చల్లపల్లి దగ్గర ఒక సాయంత్రపు చదువుల కేంద్రంలో చెప్పిన మాటలు)



పోయిన వారం మనం తీసివేతలు చేశాం. అరటి గెలలు, పాల లీటర్లు లెక్క పెట్టాం. అప్పుడు వెనక వరసలో ఒక అక్క లేచింది. "టీచరమ్మా, గెలల లెక్క నాకు నోటితోనే వస్తుంది. మా ఆయన లారీ లెక్కే తెగటం లేదు. జీతం పన్నెండు వేలు అంటాడు. ఇంట్లో ఏడు వేలే ఇస్తాడు. మిగతా అయిదు ఎక్కడ పోతున్నట్టు?" అని అడిగింది. అందరూ నవ్వారు. నాకు నవ్వు రాలేదు. ఎందుకంటే ఆ లెక్క నాకూ తెలియదు.

అందుకని ఈ వారం రోజులూ కొందరు డ్రైవర్లను అడిగాను. సొంత బండి తోలుకునే ఇద్దరినీ అడిగాను. చట్టాలు కూడా చూశాను. తెలిసింది చెబుతాను. తెలియనిది మీరే చెప్పాలి, ఎందుకంటే లారీ ఇల్లు మీది.

డబ్బు తక్కువ వస్తే "తాగేశాడు" అని మనం తొందరగా అనేస్తాం. కొన్ని ఇళ్ళలో అది నిజమే. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు సారా కొట్టు మూయించారు. వాళ్ళూ మనలాగే రాత్రి బడిలో చదువుకునేవాళ్ళే. కానీ ఈ అక్క ఇంట్లో జరిగింది అది కాదు. ఆవిడ మర్నాడు మొగుడి దగ్గర కూచుని ఒక్కొక్కటీ అడిగి రాసుకొచ్చింది. అక్షరాలు వంకర టింకరగా ఉన్నాయి. అంకెలు మాత్రం సరిగ్గా ఉన్నాయి.

డీజిలు ఎక్కువ తాగిందని కోత 1,400 రూపాయలు.
టైరు పేలినందుకు కోత 2,000 రూపాయలు.
బియ్యం బస్తా తక్కువ వచ్చిందని కోత 1,000 రూపాయలు.
పాత అడ్వాన్సు కింద కోత 600 రూపాయలు.

కూడండి. 5,000 రూపాయలు. దొరికింది కదా!

ఇప్పుడు ఒక్కొక్కటీ చూద్దాం. అడ్వాన్సు తీసుకున్నాడు, కోశారు. అందులో తప్పు లేదు. మరి టైరు? అరిగిపోయిన టైరు ఎండలో పేలితే అది డ్రైవరు తప్పా? జీతాల మీద 2019లో పార్లమెంటు ఒక కోడ్ చేసింది. కోడ్ అంటే చాలా చట్టాలు కలిపి కట్టిన పెద్ద చట్టం. అది 2025 నవంబరు 21న అమలులోకి వచ్చింది. దాని ప్రకారం నష్టం కింద జీతం కోయాలంటే, ఆ నష్టం పనివాడి అశ్రద్ధ వల్లే జరిగి ఉండాలి. ముందు అతని మాట వినాలి. అన్ని కోతలూ కలిపినా జీతంలో సగం దాటకూడదు. నెల జీతం మరుసటి నెల 7వ తేదీ లోపల ఇవ్వాలి. ఈ అక్క ఇంటాయన్ను ఎవరూ ఏమీ అడగలేదు. కోసి, మిగిలింది చేతిలో పెట్టారు.

డీజిలు సంగతి ఇంకా చిక్కు. "లీటరుకు ఇన్ని కిలోమీటర్లు రావాలి" అని ఓనరు ముందే అంకె చెబుతాడు. బండి పాతదైతే ఆ అంకె రాదు. ట్రాఫిక్‌లో ఆగితే రాదు. బరువు ఎక్కువ వేస్తే అసలు రాదు. బరువు వేయించింది ఎవరు? కోత పడేది ఎవరికి?

ఇక పని గంటలు. లారీ డ్రైవర్ల కోసం 1961లోనే మోటారు రవాణా కార్మికుల చట్టం వచ్చింది. రోజుకు 8 గంటలు పని, దూరపు రూట్లలో 10 గంటల దాకా. వారానికి ఒక రోజు సెలవు. కానీ ఆ చట్టం అయిదుగురు, అంతకన్నా ఎక్కువ మంది పనివాళ్ళున్న చోటకే వర్తించేది. ఒక బండి, రెండు బండ్ల ఓనర్ల దగ్గర పనిచేసేవాళ్ళు దాని బయటే ఉండిపోయారు. మన వైపు అలాంటి బండ్లే ఎక్కువ. ఇప్పుడు ఆ చట్టం కూడా ఇంకో కొత్త కోడ్‌లో కలిసింది. 8 గంటల హద్దు అందులోనూ ఉంది. అదనపు పనికి రెట్టింపు జీతం అనీ ఉంది.

రోడ్డు మీద ఏం జరుగుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. మిల్లు దగ్గర లోడుకు ఒక పూట కాపలా. పట్టా కప్పి తాళ్ళు బిగించడానికి రెండు గంటలు. ఇనుప చువ్వలు వేసే బండ్లు ఉంటాయి చూడండి, పక్క గోడలు లేని ట్రైలర్లు. వాటి మీద గొలుసులు బిగించే పని ఇంకా ప్రమాదం. బిగువు తప్పితే సరుకు జారుతుంది. ఈ గంటలేవీ లెక్కలోకి రావు. చక్రం తిరిగితేనే పని అనుకుంటారు. అది నాకు అన్యాయం అనిపిస్తుంది. బడిలో పిల్లలు రాకముందు నేను బోర్డు తుడిచినా అది పనే కదా.

ఇప్పుడు సొంత బండి వాళ్ళ సంగతి. "ఓనరమ్మ" అని పిలిస్తే వినడానికి బాగానే ఉంటుంది. లెక్క వేసి చూద్దాం. ఇవి సులువుగా ఉండటానికి నేను వేసుకున్న అంకెలు. మీ అంకెలు మీరు వేసుకోండి.

బియ్యం లోడు హైదరాబాదుకు. కిరాయి 30,000. డీజిలు 16,000. టోల్ గేట్లు 3,000. క్లీనరు బత్తా, తిండి 2,500. బ్రోకరు కమిషను 1,500. హమాలీ, చిల్లర ఖర్చులు 1,000. ఖర్చు మొత్తం 24,000. మిగిలేది 6,000.

ట్రాన్స్‌పోర్టు ఆఫీసు వాళ్ళు లోడు ఎత్తేటప్పుడు అడ్వాన్సు ఇస్తారు. మన లెక్కలో 24,000 ఇచ్చారనుకోండి. సరుకు దింపి, ఎల్లార్ కాగితం మీద సంతకం తెచ్చి ఇచ్చాక మిగతా 6,000 ఇస్తారు. చూశారా? అడ్వాన్సు అంతా రోడ్డు మీదే అయిపోయింది. మనకు మిగలాల్సింది మొత్తం ఆ బాకీలోనే ఉంది. వాళ్ళు "వచ్చే నెల రండి" అంటే మన లాభమే ఆగిపోయింది. ఎల్లార్ కాగితం పోతే ఆ 6,000 పోయినట్టే. బస్తా తక్కువైందని కోస్తే అదీ ఇందులోంచే. తిరుగు లోడు దొరక్క ఖాళీగా వస్తే బండి కష్టమంతా ఈ ఒక్క కిరాయి మీదే. ఇంకా ఫైనాన్సు కిస్తీ ఉంది. టైర్లు, ఇన్సూరెన్సు, టాక్సు ఉన్నాయి. ఇంతకీ తోలినాయన కూలి ఎక్కడ? ఈ లెక్కలో వేయనే లేదు. ఓనరు కదా, కూలి ఎందుకు అనుకుంటాం. ముందు ఆయన కూలి తీసి, తరవాత మిగిలింది చూడండి.

అందుకే కొందరు "ఇంకో రెండు టన్నులు వేద్దాం" అంటారు. 2019లో మార్చిన మోటారు వాహనాల చట్టంలో ఎక్కువ బరువుకు జరిమానా 20,000 రూపాయలు. పైన ఎక్కువైన ప్రతి టన్నుకూ 2,000. రెండు టన్నులకు 24,000. పైన వేసిన ఆరు వేల లాభంతో పోల్చుకోండి. నాలుగు ట్రిప్పుల కష్టం ఒక్క చెక్‌పోస్టు దగ్గర పోతుంది.

ఇప్పుడు చెప్పేది వినడానికి కష్టంగా ఉంటుంది. అయినా చెప్పాలి. పనిలో ప్రమాదం జరిగి డ్రైవరు పోతే, కుటుంబానికి నష్టపరిహారం వస్తుంది. దానికి చట్టం ఒక లెక్క చెప్పింది. నెల జీతంలో సగం తీసుకుంటారు. వయసును బట్టి ఒక అంకెతో దాన్ని పెంచుతారు. 30 ఏళ్ళ వయసుకు ఆ అంకె 207.98.

జీతం 12,000 అయితే సగం 6,000. పరిహారం 12,47,880 రూపాయలు.
ఓనరు "నేనిచ్చేది 7,000" అన్నాడనుకోండి. సగం 3,500. పరిహారం 7,27,930 రూపాయలు.

తేడా అయిదు లక్షలు దాటింది. చేతికి ఏడు వేలే వస్తోంది, అసలు జీతం పన్నెండు వేలు అని రుజువు ఏది? బత్తా జీతం కాదని కూడా వాదిస్తారు. ఆరోజు ఆ అక్క అడిగిన అయిదు వేల లెక్క ఇంత దూరం వచ్చింది.

సొంత బండి తోలే ఆయన పనివాడు కాదు. ఆయనకు ఈ పరిహారం లేదు. ఆయన కోసం ఇన్సూరెన్సులో "ఓనరు డ్రైవరు" బీమా అని ఉంటుంది. 2018 నుంచి అది 15 లక్షల రూపాయలు. లైసెన్సు గడువు తీరకుండా ఉండాలి. మీ పాలసీ కాగితంలో ఆ మాట ఉందో లేదో వేలు పెట్టి చదవండి. మనకు చదువు వచ్చింది కదా! ఇది గాక బ్యాంకులో ఏడాదికి 20 రూపాయలతో సురక్షా బీమా ఉంది. ప్రమాదంలో పోతే 2 లక్షలు.

"టీచరమ్మా, ఓనరు జీతం కాగితం రాసిస్తాడా? అడిగితే పని మానుకోమంటాడు" అని ముందు వరస పిన్ని అంటోంది. నిజమే పిన్నీ. అందుకే తగవు లేకుండా అయ్యే పని ముందు చేద్దాం. జీతం బ్యాంకు ఖాతాలో వేయమని అడగమనండి. ఫోనులో వేసినా రుజువే. కోత కోస్తే ఎందుకు కోశారో ఫోనులో ఒక ముక్క పెట్టమని అడగమనండి. అదీ కుదరకపోతే మన నోటుబుక్కు ఉంది. బయల్దేరిన తేదీ, ఊరు, బండి నంబరు, ఇచ్చిన డబ్బు, కోసిన డబ్బు. రోజూ రాసిన పుస్తకాన్ని ఎవరూ తేలిగ్గా తీసిపారేయలేరు.

తగవు వస్తే కార్మిక శాఖ ఆఫీసుకు వెళ్ళాలి. లాయరు ఖర్చుకు భయపడకండి. 1987 చట్టం ప్రకారం ఆడవాళ్ళకు ఉచితంగా న్యాయ సహాయం ఇస్తారు. ఎంత ఆస్తి ఉంది అని అడగరు. మనకు బందరులో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంది. ఫోను నంబరు 15100. అయిదే అంకెలు, తలుపు వెనక సుద్దముక్కతో రాసుకోండి.

వచ్చే మంగళవారం ఇన్సూరెన్సు కాగితాలు, పాత ఎల్లార్లు ఎవరి దగ్గర ఉంటే వాళ్ళు తీసుకురండి. కలిసి చదువుదాం. ఇప్పుడు పలకలు తీయండి. 660 కిలోమీటర్లు, లీటరుకు 4 కిలోమీటర్లు. డీజిలు ఎన్ని లీటర్లు? వెనక వరస అక్కా, ముందు నువ్వే చెప్పు.