ఎనిమిదివందల డెబ్బదియెనిమిది వోట్లు

(మొఘల్‌పురాలో పౌరుల యెదుట చేసిన ప్రసంగ పాఠము)



మనము కూడియున్న యీ మొఘల్‌పురాకు అనతిదూరముననే యాకుత్‌పురా యున్నది. 2023 నవంబరు 30వ తేదీన జరిగిన తెలంగాణ శాసనసభ యెన్నికలలో అచ్చట నడచిన పోటీని మీకు జ్ఞప్తికి తేదలచితిమి. మజ్లిస్ ఇత్తెహాదుల్ ముస్లిమీన్ అభ్యర్థి జాఫర్ హుస్సేన్ మేరాజ్ గారికి 46,153 వోట్లును, మజ్లిస్ బచావో తెహ్రీక్ అభ్యర్థి అమ్జదుల్లాఖాన్ గారికి 45,275 వోట్లును వచ్చినవి. డిసెంబరు 3వ తేదీన లెక్క ముగియునప్పటికి గెలుపోటముల నడుమ నిలిచినవి 878 వోట్లు మాత్రమే.

ఆ రెండు పక్షములలో ఏది మేలో నిర్ణయించుట మా యుద్దేశము కాదు. మేము చెప్పదలచినది వేఱొకటి కలదు. ఆ నియోజకవర్గమున జాబితాకెక్కిన వారిలో నూటికి నలువదుగురైనను వోటు వేయలేదు. పోరాడిన యిరువురికిని వచ్చిన వోట్లను కూడినను, రానివారి సంఖ్యయే మిక్కుటము. "నా యొక్క వోటుతో నేమగును?" అని యింట కూర్చుండిన వారే యీ ఫలితమును, నోరు మెదపకయే, నిర్ణయించిరి.

జాబితాలలో మృతుల పేర్లును, ఇల్లు మారిన వారి పేర్లును మిగిలియుండునని కొంద ఱందురు. నిజమే. అయిన, ఆ జాబితాను సరిచూచుకొనవలసిన వారెవ్వరు? క్రొత్తగా పేరు చేర్చుకొనుటకు 6వ ఫారమును, చిరునామా మార్చుకొనుటకు 8వ ఫారమును ఉన్నవి. ఎన్నికలనాటి యుదయమున పేరు లేదని వగచుటకంటె ముందుగా చూచుకొనుట సుకరము కదా!

ఇది పాతనగరపు వింత మాత్రమే కాదు. 1989లో అనకాపల్లి లోక్‌సభ స్థానమును కొణతాల రామకృష్ణ గారు 9 వోట్ల యాధిక్యముతో గెలిచిరి. 2008లో రాజస్థానమునందలి నాథద్వారాలో సి. పి. జోషి గారు ఒక్క వోటు తక్కువై యోడిరి. ఇరువురకు సమానముగ వచ్చినచో 1951 ప్రజాప్రాతినిధ్య చట్టము ననుసరించి చీటి వేసి తేల్చవలసినదే. ప్రజలు తీర్పు చెప్పనిచోట చీటి చెప్పును!

సోదరులారా, ఈ హక్కు మనకు తాతలనాటి యాస్తిగా రాలేదు. బాధ్యతాయుత ప్రభుత్వము కావలెనని 1938లో స్టేటు కాంగ్రెసువారు సత్యాగ్రహము చేసి చెఱసాలలకేగిరి. 1948 సెప్టెంబరులో నిజాము ప్రభుత్వ మంతరించిన పిదప, 1952 ఎన్నికలలో గాని ఈ నగరపు వయోజనులెల్లరును, స్త్రీపురుష భేదము లేక, శాసనసభకు వోటు వేయలేదు. అంతటి వెల పెట్టి కొన్న దానిని మనము సోమరితనమునకు ధారవోయుదుమా?

స్వల్పాధిక్యముతో గెలిచినవాడు తనకు వోటు వేయనివారికిని తాను ప్రతినిధి ననుట మఱవరాదు. ఓడినవాడు సంశయమున్నచో 45 దినములలో ఉన్నత న్యాయస్థానమున పిటిషను వేయవలెనే గాని వీధి కెక్కరాదు. ఇక వోటరు చేయవలసినది ఒక్కటే: ఆ దినమున గడప దాటుట. గెలుపోటములను తూచునది తన చేతి వోటేయని ప్రతి పౌరుడును గ్రహించుగాక!